హాజరు ఏ రిజిస్టర్‌ల పిలుద్దాం?

అతను: తారీఖు పడ్డది. ఏడుగురితోని కమిటీ అయింది. మనిషికి 2,000 అని తేలింది. 2001 మార్చిల పదో తరగతి పరీక్ష రాసినోళ్లం, 25 ఏండ్లకు ఒక్క పూట కలుద్దామంటే గ్రూపుల నువ్వొక్కదానివే ‘జర ఆగుండ్రి’ అని పెట్టినవ్. కలుసుడు వద్దంటున్నవా, కమిటీ వద్దంటున్నవా? ముందు అది చెప్పు చెల్లె.

ఆమె: రెండూ వద్దంటలేను అన్నా. కలవాలని నీకంటే నాకే ఎక్కువ ఉంటది. నువ్వు ఇస్మాయిల్‌ఖాన్‌పేట ఇడిసి పోలేదు, నేను పెండ్లయి పోయినదాన్ని. ఊరికొచ్చినప్పుడల్లా ఆ బడి దిక్కు మెడ తిప్పి చూడకుండ పోను. నేను ఆగమన్నది ఒక్క మాట దగ్గర. ‘అందరం కలుద్దాం’ అని రాసినవ్. ఆ అందరం ఎవరెవరమో ఏ కాయితం చూసి లెక్కపెట్టినవ్?

అతను: బడి కాయితమే. పరీక్ష ఫీజు కట్టినోళ్ల పేర్లతోని పైకి పంపే నామినల్ రోల్ ఉంటది గదా, అది చూసి రాసుకున్న. పాసయినోళ్లను, లెక్కల్ల 35 రాక తప్పినోళ్లను వేరు చెయ్యలేదు. తప్పినోళ్లు కూడా మనోళ్లే అని కమిటీల మొదటి మాట నేనే అన్న.

ఆమె: ఆ మాట అన్నందుకు సంతోషం. మరి ఫీజు కట్టే దినం రాకముందే బడి మానినోళ్ల సంగతేంది? ఆరో తరగతిల కింద కూసున్నప్పుడు ఎంతమందిమి ఉంటిమి, పదో తరగతిల బెంచీల మీద ఎంతమందిమి మిగిలినం? నామినల్ రోల్ చూస్తే చివరిదాక ఉన్నోళ్లే కనపడ్తరు. అడ్మిషన్ రిజిస్టర్ తెరిస్తే మనతోని మొదలుపెట్టినోళ్లంత కనపడ్తరు. ఏడో తరగతి పరీక్ష కాంగనే ఇంట్ల కూసోబెట్టిన ఆడపిల్లలు, తొమ్మిదిల వానకాలం నాట్లకు పోయి మళ్ల రానోళ్లు, కంపెనీల కూలి దొరుకుతదని పటాన్‌చెరుకు తోలుకపోతే పోయిన పోరలు. వీళ్లది ఏ బ్యాచ్?

అతను: నీ ప్రశ్న నాకు తగుల్తది. కానీ ఎక్కడో ఒక్కకాడ గీత గియ్యాలె. ఆరో తరగతి నుంచి అంటే ఐదేండ్ల రిజిస్టర్లు. కొందరు ఏడాది ఉండి పోయిన్రు, కొందరు నడుమల వచ్చిన్రు, కొందరు పై క్లాసుల తప్పి మనల కలిసిన్రు. వాళ్లను వాళ్ల పాత బ్యాచోళ్లు కూడా పిలుస్తరు. గీత లేకుంటే జాబితా తెగదు, జాబితా తెగకుంటే తారీఖు పడదు, తారీఖు పడకుంటే ఇంకో 25 ఏండ్లు. పరీక్ష కలిసి రాసుడు అన్నది ఎవరూ కాదనలేని గీత. అందుల ఎవరినీ చిన్నజేసే ఉద్దేశం లేదు.

ఆమె: ఉద్దేశం లేకున్నా చిన్నబోతరు. నేను ఒకాయనకు ఫోన్ చేసిన. తొమ్మిదో తరగతి దాక నీ పక్కనే కూసున్నడు, నీ సైకిల్ ఎనుక ఎక్కి వచ్చేటోడు. ఇప్పుడు కంది దిక్కు సెక్యూరిటీ కొలువు. కలుస్తున్నం, రమ్మంటే ఏమన్నడో తెలుసా? ‘నేను మీ బ్యాచ్ కాదు గదమ్మా’ అన్నడు. కోపంగ అనలేదు, నిష్ఠూరంగ అనలేదు. పిన్‌కోడ్ అడిగితే చెప్పినట్టు చెప్పిండు. ఆ గీత మనం గియ్యకముందే ఆయన మీద పడి ఉంది.

అతను: పేరు చెప్పకున్నా ఎవరో తెలిసింది. ఆయన్ని నేను పిలుస్త. ఇంటికి పోయి పిలుస్త. కానీ ఒక్కన్ని యాది చేసుకుని పిలుసుడు వేరు, అందరినీ వెతుకుడు వేరు. వెతుకుతందుకు టైం ఏది? మనకే 40 దాటినయ్. మనకు చదువు చెప్పిన సార్లకు ఎంతుంటయ్? కమిటీ ఎందుకు పెట్టిననో విను. ఇంతకుముందు మూడుసార్లు కలుద్దామనుకున్నం. మూడుసార్లు అందరం మాట్లాడినం, ఒక్కరం పని చెయ్యలేదు. ఒకరు రిసార్ట్ అన్నరు, ఒకరు బడి అన్నరు, ఒకరు పిల్లజెల్లతోని అన్నరు, ఒకరు మనమే అన్నరు. ‘సరే, చూద్దాం’ కాడ ఆగింది. ఆ మూడుసార్ల నడుమ ఇద్దరు సార్లు పోయిన్రు. శాలువా కప్పుదామనుకున్న మనిషి ఫొటోకు దండేసి వచ్చుడు ఎట్లుంటదో నాకు తెల్సు, రెండుసార్లు వేసి వచ్చిన. అందరినీ అడిగితే ఎవరూ చెయ్యరు చెల్లె. ఏడుగురు కూసుండి, తప్పో ఒప్పో తేల్చి, మాటలు పడుకుంట నడిపిస్తేనే సభ అయితది. లోపాలతోని జరిగిన సభకు సార్లు వస్తరు. లోపం లేని సభ కోసం ఆగితే మిగిలేది వాళ్ల ఫొటోలే.

ఆమె: సార్ల మాట కాడ నేను నీకు ఎదురు చెప్పలేను. ఆగుండ్రి అన్న మాటకు ఒక ధర ఉందని, ఆ ధర మనం కాదు, ముసలివాళ్లయిన సార్లు కడ్తరని నేను ఆలోచించలేదు. ఒప్పుకుంట. కానీ ఆ ఏడుగురు ఎవరు అన్నా? ఏడుగురూ మగోళ్లే. రాత్రి 9 గంటలకు, షిఫ్టులు దిగినంక, చాయ్ హోటల్ కాడ కలుస్తరు. ఆ తావుకు, ఆ టైముకు ఏ ఆడామె వస్తది? తర్వాత ‘మహిళా సభ్యులు’ అని నా పేరు, ఇంకొకామె పేరు ఫ్లెక్సీ నమూనల ఎక్కించిన్రు. అడగకుండ ఎక్కించిన్రు. పని తేల్చుతున్నప్పుడు మేము లేము, ఫ్లెక్సీ మీద ఉన్నం.

అతను: అది తప్పే. కొట్టేయిస్త. కానీ ఇటు దిక్కు బాధ కూడా విను. ఆడోళ్ల నంబర్లు దొరకవు. దొరికితే ఫోన్ ఎత్తేది ఇంటాయన. ‘ఎవరు?’ అంటడు. ‘క్లాస్‌మేట్‌ను’ అంటే అవతల ఒక్క క్షణం సప్పుడుండదు. ఆ సప్పుడు లేని క్షణంల ఆ ఇంట్ల ఏం రగులుకుంటదో అని నాకే భయమైతది, ఫోన్ పెట్టేస్త. 2018ల తమిళంల ‘96’ వచ్చింది, 2020ల దాన్నే తెలుగుల ‘జాను’ అని తీసిన్రు. అప్పటి సంది బడి దోస్తులు మళ్ల కలుసుడంటే జనానికి ఆ కథే యాదికొస్తది. మనమా, క్లాసుల ఆడపిల్లలతోని నాలుగు మాటలు మాట్లాడినోళ్లం కూడా కాదు. ఆ దిక్కు బెంచీలు మీయి, ఈ దిక్కు మాయి. ఇప్పుడు నీతోని ఇంతసేపు మాట్లాడినదే ఐదేండ్ల బడిల మాట్లాడినదానికంటే ఎక్కువ.

ఆమె: అందుకే ఆడోళ్లను పిలిచే పని ఆడోళ్లకు ఇయ్యాలె అంటున్న. నేను ఫోన్ చేస్తే ఎవరూ సప్పుడు చెయ్యకుండ ఆగరు, ‘వదినా, ఇస్తున్న ఉండు’ అంటరు. ఇగ తారీఖు చూడు. జనవరిల ఆదివారం పెట్టిన్రు. ఆదివారం మీకు సెలవు, అత్తగారింట్ల ఉన్నామెకు ఆదివారమే పని ఎక్కువ. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల మాకు టికెట్ లేదు, నిజమే. కిరాయి అడిగే పని తప్పింది, బయలెల్లుతందుకు అడిగే పని తప్పలేదు. అదే బతుకమ్మకైతే? ఎంగిలిపూల నుంచి సద్దుల దాక 9 దినాలల్ల, చివరి రెండు మూడు దినాలైనా ఆడపిల్ల తల్లిగారింట్ల ఉంటది. ఆమెను పంపాలెనా వద్దా అని ఎవరూ లెక్కచెయ్యని పండుగ అది. ఆమె ఊర్లనే ఉంటది. తల్లికి చెప్పి, నడిచి, బడికొస్తది. ఒక్క తారీఖు మార్చితే సగం క్లాసు వస్తది.

అతను: మీరు వస్తరు. మా దిక్కు సగం రారు. కంపెనీల దసరాకు సెలవు ఉంటది గని సద్దుల నాడు షిఫ్టు షిఫ్టే. పొద్దుగాల 6 గంటల షిఫ్టు, మధ్యాహ్నం 2 గంటల షిఫ్టు, రాత్రి 10 గంటల షిఫ్టు. పర్మనెంటోడు లీవు పెడ్తడు, కాంట్రాక్టోనికి మానిన దినం కూలి పోయినట్టే. దసరా నాడే పెడుదామంటే, జమ్మికి పోవాలె, ఇంట్ల చుట్టాలు. పైగ మనూర్ల నవరాత్రులంటే మామూలు సంగతా? దుర్గాభవానీ మహాక్షేత్రానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తరు. టెంట్‌హౌస్‌ల కుర్చీ దొరకదు, వంటోళ్లు దొరకరు. దసరా సెలవుల బడి ఖాళీగ ఉంటది, అది ఒక్కటి నీ మాటకు బలం. కానీ నేను జనవరి అన్నది మగోళ్ల సుఖం చూసి కాదు, కూలి పోనోళ్ల సంఖ్య చూసి.

ఆమె: కూలి పోయేటోన్ని నువ్వు చూసినవ్, అడగాల్సి వచ్చేదాన్ని నేను చూసిన. రెండూ లేమే. ఏ తారీఖు పెట్టినా ఒక దిక్కు లేమి మీద పడ్తది, అది నాకు అర్థమైంది. అయితే ఎవరి మీద పడ్తుందో తెలిసి పెడుదాం. ఆదివారం అన్నది ఆకాశం నుంచి పడ్డ తారీఖు అన్నట్టు పెట్టొద్దు.

అతను: ఆ మాట సరే. ఇంకా తేల్చలేదు అనుకో. ఇగ పైసల మాట. 2,000 ఎక్కువ అని లోపల అందరూ అనుకుంటున్నరు, నువ్వే బయటికి అన్నవ్. ఎందుకు పెట్టిననో చెప్త. మనల ఒకాయన ప్లాట్ల వ్యాపారంల బాగ సంపాదించిండు. 2008ల ఐఐటీ వచ్చింది, ముందు ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం జాగల నడిచింది, తర్వాత కందిల సొంత జాగకు పోయింది. అప్పటి సంది ఈ దిక్కు భూమి రేటు ఎట్ల ఎక్కిందో చూసినవ్. ఇప్పుడు రీజినల్ రింగ్ రోడ్డు. భూమి ఉన్నోడు, లేనోడు, ఉండి తొందరపడి అమ్ముకున్నోడు, ఒక్క బెంచీల కూసున్న ముగ్గురు మూడు తీర్లయిన్రు. ఆ ప్లాట్లాయన ‘మొత్తం ఖర్చు నాదే’ అన్నడు. ఒక్కటే అడిగిండు, స్టేజీ ఎనుక ఆయన వెంచర్ ఫ్లెక్సీ. కమిటీల నలుగురు సరే అన్నరు. నేను కాదన్న. ఒక్కడు పెట్టిన అన్నం తింటే ఆ పూటకు అందరం ఆయన చుట్టాలమే అయితం, ఎవరికి ఎవరం దోస్తులం కాము. అందరం ఒక్కతీరు వేసుకుంటే ఎవడూ ఎవనికి దండం పెట్టే పని లేదు. చందా సమానమైతేనే కుర్చీ సమానమైతది.

ఆమె: ఆ ఫ్లెక్సీ వద్దన్నందుకు నేనే నీకు దండం పెడ్త. ఏడుగురుల ఒక్కడైనా అట్ల అనకుంటే ఇది సభ కాకపోవు. కానీ సమానం గురించి నేను కూడా ఇంత తెలిసినదాన్నే. పొదుపు సంఘంల ఏండ్ల సంది ఉన్న, లీడర్‌గ చేసిన. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా మీద తిరగబడ్డరు. సారాకు పోయే పైసలు ఇంట్ల నిలవాలె అని ఆ జిల్లల రోజుకొక రూపాయి పొదుపు పెట్టిన్రు. మా సంఘాలు ఆ తొవ్వల పెరిగినయే. మాకు పంచసూత్రాలని ఉంటయ్: తప్పకుండ కూసునుడు, తప్పకుండ పొదుపు, లోపల లోపల అప్పు ఇచ్చుకునుడు, టైంకు కట్టుడు, పుస్తకం రాసుడు. మాట అన్నామె పేరు తీర్మానం పుస్తకంల ఉంటది, కాదన్నామె పేరు కూడా ఉంటది. మీ కమిటీకి పుస్తకం ఉందా?

అతను: పుస్తకం లేదు, పెడ్త. కానీ నువ్వే చెప్పినవ్ గదా, మరి మీ పొదుపు ఎట్ల? ఉన్నామె 100, లేనామె 10 అని రాసుకుంటరా? అందరిదీ ఒక్కటే గదా? మీ సంఘంల సమానం ధర్మమైతే, మా కమిటీల సమానం తప్పెట్లయింది?

ఆమె: మంచిగ పట్టుకున్నవ్. అందరిదీ ఒక్కటే. కానీ ఆ ఒక్కటి ఎట్ల తేలుస్తమో చూడు. మా సంఘంల అందరికంటే కష్టంల ఉన్నామె ఎంత కట్టగలుగుతదో ముందు ఆమెను అడిగినం. ఆమె చెప్పిందే అందరికీ కొలత. మీరు ఎట్ల తేల్చిన్రు? ఫంక్షన్‌హాల్ కిరాయి, వంట, శాలువాలు, మెమెంటోలు, డీజే, వీడియో అన్నీ రాసి, మొత్తం ఏసి, మనుషులతోని భాగించిన్రు. ముందు ఖర్చు, తర్వాత మనిషి. మేము ముందు మనిషిని కూసోబెట్టి, తర్వాత ఖర్చు రాస్తం. రెండు కాడా సమానమే, కానీ రెండూ ఒక్కటి కాదు.

అతను: ఈ మాట నాకు ఇంతదాక ఎవరూ చెప్పలేదు. సరే, 200 పెడుదాం. 200కు బగారన్నం కూడా రాదు. మిగిలింది ఉన్నోళ్లే వెయ్యాలె. వేసినోడు పేరు అడుగుతడు. 2022ల ‘మన ఊరు - మన బడి’ పెట్టినప్పుడు ప్రభుత్వం సుత పెద్ద విరాళమిస్తే గదికి, బడికి దాత పేరు పెడ్తమన్నది. పేరు లేకుండ పైసలు రాలవని వాళ్లకూ తెల్సు. పేరు చదివితే మళ్ల మొదటికొచ్చినం, ప్లాట్లాయన గెలిచినట్టే. కట్టలేనోళ్లకు మాఫీ చేద్దామంటవేమో. అది వద్దు చెల్లె. నేను కట్టలేని దినాలు చూసినోన్ని. ఐటీఐల ఉన్నప్పుడు ఒక దోస్తు నా ఫీజు కట్టిండు. మంచోడు, ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, ఎన్నడూ అడగలేదు. ఇప్పటికీ వాని ముందు నేను గొంతు పెంచి మాట్లాడలేను. వాడు తప్పు అంటే తప్పు అని చెప్పలేను. 2,000 అప్పు తెచ్చి కట్టినోడు తలెత్తుకుని కూసుంటడు. మాఫీ అయినోడు తల వంచుకుని తింటడు. నువ్వు దయ అనుకునేది వాని ప్లేట్ల ఉప్పయితది.

ఆమె: ...దీనికి నా కాడ జవాబు లేదు అన్నా. సంఘంల కూడా ఒకామె కిస్తీ అందరం కలిసి కట్టినం, ఆమె తర్వాతి నెల నుంచి మీటింగుకు రావుడు బందు చేసింది. ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. మాఫీ వద్దు. కానీ ఇంకొక తొవ్వ చూడు. మన బడి కాలంల మధ్యాహ్నం అన్నం లేదు. ఆంధ్రప్రదేశ్‌ల ఆ పథకం 2003ల వచ్చింది, అప్పుడు కూడా ముందు చిన్న బళ్లకే. మనం సద్ది తెచ్చుకుంటుంటిమి. తేనోళ్లు గంట కొట్టంగనే బోరింగ్ కాడికి పోయి నీళ్లు తాగి, అందరం తిన్నంక మెల్లగ క్లాసులకు వస్తుండిరి. వాళ్లెవరో నాకు పేర్లతోని యాదుంది. ఆనాడు సద్ది లేక పక్కకు పోయినోడు, ఇయ్యాల దావత్ ఖరీదు ఎక్కువై పక్కకు పోవద్దు. సభను చిన్నగ చేద్దాం. ఫంక్షన్‌హాల్ వద్దు, బడి చెట్టు కింద కూసుందాం. డీజే వద్దు. నలుగురం వండుదాం. చందా చిన్నదైతే మాఫీ మాటే రాదు.

అతను: వర్షం, ఎండ, ఆడోళ్లకు బాత్రూములు, ముసలి సార్లకు కుర్చీలు... అవి సర్దుకుంటం అనుకో. నా మనసుల ఉన్నది ఇంకొకటి. చిన్న సభ అని నువ్వు అలకగ అంటున్నవ్. పాశమైలారంల 20 ఏండ్లు షిఫ్టు చేసినోన్ని ఏ స్టేజీ మీదికి ఎవరు పిలిచిన్రు? వాని పేరు మైకుల ఎన్నడు వినపడ్డది? కంపెనీల వానికి పేరు కూడా ఉండదు, గేట్ పాస్ నంబర్ ఉంటది. జీవితంల ఒక్క దినం ఫంక్షన్‌హాల్ మెట్లెక్కి, లైట్ల కింద, సార్ పక్కపొంటి నిలబడి ఫొటో దిగాలె అని వాడు అనుకుంటే అది ఆడంబరమా? గొప్పగ జరుగుడు ఉన్నోళ్ల పెండ్లిళ్లకే రాసిపెట్టి ఉందా? చెట్టు కింద సభ నీకు ముద్దొస్తది. రోజూ చెట్టు కిందనే తినేటోనికి అది కొత్తేమీ కాదు.

ఆమె: ఆ మాట నేను ఇంటికి తీసుకపోయి ఆలోచించాల్సిన మాట. తక్కువ ఖర్చు అంటే లేనోళ్లకు ఇష్టమని నేనే నిర్ణయం చేసిన, వాళ్లను అడగలేదు. మీ కమిటీ చేసిన తప్పే నేనూ చేసిన.

అతను: గ్రూపు గురించి కూడా ఒక్క మాట. ‘గుడ్ మార్నింగ్‌లు, పూల ఫొటోలు’ అని అందరూ తీసేస్తరు. 2025 జూన్ 30 పొద్దుగాల పాశమైలారంల పేలుడు అయింది. 40 మందికి పైగ పాణాలు పోయినయ్, అండ్ల మస్తుమంది ఎక్కడి రాష్ట్రాల నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చినోళ్లు. ఆ దినం మన గ్రూపుల ఒక్కొక్కరు ‘నేను బాగున్న’, ‘నాది నైట్ షిఫ్టు, ఇంట్ల ఉన్న’ అని పెట్టుకుంట వచ్చిన్రు. నేను కాయితం మీద పేర్లు రాసుకుని టిక్కు పెట్టుకుంట కూసున్న. మనోళ్లు ఏ కంపెనీల, ఏ షిఫ్టుల ఉన్నరో నాకు మొత్తం తెలిసింది ఆ దినమే. ఈ సభ సంబురానికే అనుకోకు. ఎవరికేమైనా అయితే ఎవరం పోవాలె అన్నది తెలిసి ఉంటందుకు కూడా.

ఆమె: నేను కూడా ఆ దినం పెట్టిన, మా ఆయన బాగున్నడని. నువ్వు టిక్కు పెట్టినవని ఇప్పుడే తెలిసింది, మనసు నిండింది. కానీ నన్ను ఆ రాత్రి పండుకోనియ్యని సంగతి చెప్త. గ్రూపుల లేనోళ్లకు ఎవరు టిక్కు పెట్టిన్రు? పదో తరగతి సర్టిఫికెట్ ఉన్నోడు ఐటీఐ చేసిండు, కొందరు పర్మనెంట్ అయిన్రు. తొమ్మిదిల మానినోడు కాంట్రాక్టుల, హమాలిల, డ్రమ్ములు మోసే కాడ ఉన్నడు. ముప్పు ఎవరికి దగ్గర? నీ కాయితం మీద లేనోళ్లకే. జాబితా పొడుగు చెయ్యమని నేను పట్టుబట్టేది అందుకు, ఫొటోల జనం ఎక్కువ కనపడాలెనని కాదు.

అతను: ఆ కాయితం ఇంకా నా జేబుల ఉన్నట్టే ఉంది, ఇప్పుడు దాన్ని ఇంకోతీరు చూడాలె. కానీ చెల్లె, వెతుకుడుల కూడా ఒక జులుం ఉంది. దొరకొద్దనుకునేటోళ్లు ఉంటరు. ఇల్లు ఇడిసి పోయినోళ్లు, అప్పుల పాలైనోళ్లు, భర్త లేనోళ్లు, భర్త ఉండి లేనట్టే ఉన్నోళ్లు. ‘ఇప్పుడేం చేస్తున్నవ్, పిల్లలెంతమంది’ అని అరవై మంది అరవైసార్లు అడుగుతరు. ఆ ప్రశ్నకు జవాబు తయారుగ లేనోన్ని పట్టుకొచ్చి స్టేజీ ముందు కూసోబెట్టుడు ఏం మంచితనం? పిలువకపోవుడు తప్పంటున్నవ్. రానంటే మళ్ల మళ్ల పిలుసుడు తప్పు కాదా?

ఆమె: తప్పే. ఒకామె దొరికింది నాకు. రెండు నిమిషాలు ఏడ్చి, నవ్వి, ‘నా నంబర్ ఎవరికీ ఇయ్యకు’ అన్నది. ఇయ్యలేదు. గ్రూపుల ఎక్కించలేదు. కానీ పిలిచిన. రానని అనే హక్కు ఆమెకు వచ్చింది. పిలువకుంటే ఆ హక్కు కూడా లేకపోవు. ఆ కందిల ఉన్నాయన రానంటే నాకు బాధ లేదు. ‘మీ బ్యాచ్ కాదు’ అని రాకపోవద్దు, ‘నాకు రాబుద్ధి కాలేదు’ అని రాకపోవాలె.

అతను: ఇంకొకటి చెప్పు. ఆయన బడి ఎందుకు మానిండో నీకు తెల్సు, నాకు తెల్సు. క్లాసు ముందట దెబ్బలు తిన్నడు, తెల్లారి రాలేదు. పిల్లలను కొట్టొద్దని విద్యాహక్కు చట్టం 2009ల అన్నది, మన కాలంల అట్లాంటి మాటే లేదు. కొట్టిన సార్‌కు కూడా మనం శాలువా కప్పుతున్నం. ఆయన వల్లనే నాకు లెక్కలు వచ్చినయ్, ఆయన వల్లనే ఇంకొకనికి బడి పోయింది. ఇద్దరినీ ఒక్క చెట్టు కింద ఎట్ల కూసోబెడ్తం?

ఆమె: తెలియదు. శాలువా కప్పొద్దు అనను, నాకు కూడా చదువు వచ్చింది ఆయన వల్లనే. కానీ ఈ ఇబ్బంది పడకుండ సభ చేసుకుంటందుకు సులువైన ఉపాయం నీ నామినల్ రోల్. దెబ్బకు బడి పోయినోని పేరు అండ్ల ఉండనే ఉండదు. అందుకే మనకు ఆ కాయితం అంత హాయిగ ఉంది.

అతను: ...నేను ఒకటి అనుకున్న. సభ మొదలుల పాత తీరు బెంచీల మీద కూసుందాం, సార్ హాజరు పిలువాలె, మనం ‘ఎస్ సార్’ అనాలె. పిల్లలు చూడాలె. ఆ ఒక్క ఘడియ కోసమే నేను ఇదంత నెత్తికెత్తుకున్న.

ఆమె: మంచి ఆలోచన. సార్ చేతుల ఏ రిజిస్టర్ పెడ్తవ్?

అతను: నువ్వు అడుగుతవని తెలుసు. ప్లేట్ల లెక్క వంటోనికి వారం ముందు చెప్పాలె. నీ రిజిస్టర్ పెడ్తే ప్లేట్ల లెక్కకు, పేర్ల లెక్కకు పొంతన ఉండదు.

ఆమె: ప్లేట్ల లెక్క నువ్వు చెప్పు. పేర్ల లెక్క నేను రాసిస్త. రెండిటికీ నడుమ తేడా ఎంతుంటదో అంతుండనీ.

అతను: పెద్ద రిజిస్టర్ పిలిస్తే పలికేటోళ్ల కంటే పలకనోళ్లే ఎక్కువైతరు చెల్లె. పోయినోళ్లు, దొరకనోళ్లు, రానన్నోళ్లు, మనం మరిచినోళ్లు. ఒక్కొక్క పేరు కాడ సార్ ఆగుతడు. పాతికేండ్లకు నవ్వుదామని వచ్చినోళ్ల సభ అది. ఆ నవ్వు కూడా న్యాయమైందే.

ఆమె: న్యాయమైందే. అయినా ఆగనీ.

అతను: ఆగితే మళ్ల సాగుతదా అన్నదే నా భయం.

ఆమె: ఆగకుండ సాగితే మనం కలిసింది ఎవరిని అన్నది నా భయం.